అత్తగారి వాటా

ఆ ఇంట్లో అత్తగారు నోరు విప్పక అది మూడో రోజు. టిఫిన్ మాత్రం వేళ తప్పలేదు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా పళ్ళాలు టక్కు టక్కుమని బల్ల మీద పడ్డాయి. ఒక్కో పళ్ళెం పడ్డప్పుడల్లా కొడుకు ఉలిక్కిపడ్డాడు.

"అమ్మా, నాకింకో రెండు ఇడ్లీలు," అన్నాడు, మాట కలపడానికి.

పళ్ళెంలో రెండు పడ్డాయి. మాట మాత్రం రాలేదు.

కొడుకు లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు మోటారు దగ్గర చెవి పెట్టి, లోపల ఏ బేరింగు అరిగిందో పెట్టె విప్పకుండా చెప్పేస్తాడని కంపెనీలో పేరు. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన జనానికి జోకులు చెప్పి, ధైర్యం చెప్పి బయటికి లాగడం అతనికి మంచినీళ్ళ ప్రాయం. ఇంట్లో ఇద్దరాడవాళ్ళ మధ్య తానే ఇరుక్కుపోతే ఏం చెయ్యాలో మాత్రం ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎవరూ నేర్పలేదు పాపం.

ఎదురుగా కోడలు కూర్చుని ఉంది. ఆమె ముందు టిఫిన్ చల్లారిపోతోంది. పళ్ళెం పక్కన నలభై రెండు పేజీల పుస్తకం, జాతీయ విజ్ఞాన పురస్కారం నియమ నిబంధనలు. దాని మీద, మూతి అంటించేసిన కవరొకటి, ఖాళీ కాయితమొకటి. ఈ రభసంతా ఆ ఖాళీ కాయితం వల్లే.

దాని పేరు వాటా పత్రం. పద్నాలుగో నియమం ప్రకారం, పరిశోధన వ్యాసం మీద ఎందరి పేర్లుంటే అందరూ, ఒకరితో ఒకరు సంప్రదించుకోకుండా, ఆ పనిలో తమ వాటా నూటికి ఎంతో రాసి, సంతకం పెట్టి, ఎవరి కవరు వారు అంటించి ఇవ్వాలి. ఆఫీసులో అవి విప్పి కూడతారు. మొత్తం తొంభైకి తగ్గినా, నూట పదికి మించినా దరఖాస్తు చెత్తబుట్టలోకే. ఈ నియమం రాసిన మహానుభావుడెవరో గానీ, నలుగురున్న ఇంట్లో ఒక్క వారం కాపురం చేసి ఉంటే ఇలాంటిది చచ్చినా రాసేవాడు కాదు.

ఎందుకంటే మన కోడలి వ్యాసం మీద ఉన్నవి రెండే పేర్లు. ఒకటి ఆమెది. రెండోది అత్తగారిది.

నవ్వకండి. కోడలు నీటి సరఫరా పరిశోధనశాలలో సైంటిస్టు. భూమిలో పాతిన గొట్టం ఎక్కడ కారుతోందో, రోడ్డు తవ్వకుండా, చప్పుడును బట్టి కనిపెట్టడం ఆమె పని. అత్తగారేమో ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. గరగరల వెనక దాక్కున్న గొంతును ఇట్టే పట్టేసే చెవి ఆవిడది. కోడలు తెచ్చిన రికార్డింగులు ఒక్కొక్కటీ విని, "కారుతోంది" అనో "లేదు" అనో గుర్తు పెట్టింది. ఆ తర్వాత నీటి శాఖ వాళ్ళు అక్కడ తవ్వి, నిజమేమిటో రిజిస్టరులో రాసేవారు. ఇలా మూడేళ్ళు సాగింది.

మొదటి రెండేళ్ళూ బజారులో దొరికే మామూలు మైకు. ఆవిడ గుర్తులు నూటికి డెబ్బై ఒకటి రిజిస్టరుతో సరిపోయాయి. మూడో ఏడు కోడలు తనే ఒక మైకు తయారుచేసింది. గొట్టానికి అతుక్కుంటే వదలదు కాబట్టి ఇంట్లో దానికి జలగ అని పేరు పెట్టారు. జలగ వచ్చాక నూటికి తొంభై మూడు! ఆ జలగకే ఇప్పుడు పరిశోధనశాల డైరెక్టరుగారు కోడలి పేరు పురస్కారానికి పంపుతున్నారు.

గడువు రేపు సాయంత్రం ఐదు. పోనీ వచ్చే ఏడు చూసుకుందామా అంటే తొమ్మిదో నియమం ఊరుకోదు. గడువు నాటికి నలభై ఐదేళ్ళు నిండకూడదు. కోడలికి వచ్చే గురువారం నిండుతాయి. అంటే ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి.

"ఒక్క అంకె వేసి సంతకం పెట్టడానికి మూడు రోజులా?" అంది కోడలు. మాట మొగుడితో, చూపు వంటింటి వైపు.

"మెల్లిగా," అన్నాడతను.

"ఎందుకు మెల్లిగా? ఆవిడ మాట్లాడకపోతే నేనూ నోరు కుట్టేసుకోవాలా?"

అత్తగారు వంటింట్లోంచి కాఫీ గ్లాసులతో వచ్చింది. కొడుకు మొహాన నవ్వు పులుముకున్నాడు.

"అమ్మా, ఎంతో ఒకంత వేసెయ్యవే. అంకె వేస్తే అరిగిపోతావా? ఏ నలభయ్యో..."

"అభ్యంతరం!" అని అరిచింది మనవరాలు. లా కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. ఇంట్లో అందరికీ లాయరమ్మ. "ఎంత వెయ్యాలో చెప్పకూడదు నాన్నా. పద్నాలుగులో బి. సంప్రదింపులు నిషిద్ధం."

"నేను సంప్రదించట్లేదే. బతిమాలుతున్నాను."

లాయరమ్మ పుస్తకం తిరగేసింది. "బతిమాలడం గురించి ఏమీ లేదు. కానివ్వు."

"నీ రూల్సు తగలెయ్య!"

"ఆరో నియమం చూశారా?" అంది లాయరమ్మ. "బంధువుల సిఫారసు చెల్లదట. బంధువుల అలక గురించి మాత్రం నలభై రెండు పేజీల్లో ఎక్కడా లేదు."

అత్తగారి పెదవి చివర నవ్వులాంటిదేదో కదిలింది. అందరూ ఆశగా చూశారు. ఆవిడ గ్లాసులు పెట్టేసి, ఉతికిన బట్టల బుట్ట చంకనెత్తుకుని వెనక వసారాలోకి వెళ్ళిపోయింది.

కొడుకు భార్య చెయ్యి పట్టుకుని ముందు బాల్కనీలోకి లాక్కుపోయాడు.

"నీ కవర్లో ఎంత వేశావు? నాకు చెప్పు."

"చెప్పను."

"నాతో చెబితే సంప్రదింపు ఎలా అవుతుందే? వ్యాసం మీద నా పేరు లేదు కదా."

"మీకు చెబితే అత్తయ్యకి చెప్పినట్టే. మీ కడుపులో ఏ మాటైనా ఒక్క పూట దాగుతుందా?"

అతను ఏదో అనబోయి, ఎదురింటి గోడకేసి తిరిగాడు.

"అసలు సంగతి నాకు తెలుసు లెండి," అంది కోడలు. గొంతు తగ్గింది. "తప్పు నాదే. శుక్రవారం డైరెక్టరుగారు ఫోన్ చేశారు కదా. అత్తయ్య పేరెందుకు పెట్టావని అడిగారు. 'మా అత్తగారిదేముందండీ, కూర్చుని విన్నారు, అంతే' అనేశాను. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో అత్తయ్య! అప్పటినుంచే ఈ మౌనవ్రతం."

"ఓహో, అదా!" అన్నాడు మొగుడు. అంత సంతోషంగా ఎందుకన్నాడో ఆమెకు అర్థం కాలేదు. "అదేనా? అదే అయ్యుంటుంది. ముమ్మాటికీ అదే. వెళ్ళు, వెళ్ళి తప్పయిందని చెప్పెయ్. అమ్మ మనసు వెన్నపూస."

"కవరు కోసం కాళ్ళబేరానికి వచ్చిందనుకుంటారేమో."

"అనుకోనీ. ముందు వెళ్ళు."

వెనక వసారాలో అత్తగారు తీగ మీద దుప్పటి ఆరేస్తోంది. అవతలి కొస నేలకు తగులుతోందని కోడలు పరుగున వెళ్ళి పట్టుకుంది.

"అత్తయ్యా."

ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ క్లిప్పు పెట్టుకుంటూ పోతోంది.

"అత్తయ్యా, మీతోనే."

అప్పటికీ పలకలేదు. ఇంత కోపమా అనుకుని, కోడలు దుప్పటి కిందనుంచి దూరి ఆవిడ ఎదురుగా నిలబడింది.

"నాదే తప్పు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మూడు రోజులుగా నాకు తిండి సయించట్లేదు, నిద్ర పట్టట్లేదు. మీరు నాలుగు తిట్టినా పడతాను. మాట్లాడకుండా మాత్రం ఉండకండి."

"ఏ మాట?" అంది అత్తగారు. మూడు రోజుల తర్వాత ఆవిడ నోటివెంట వచ్చిన మొదటి మాట అదే.

"అదే, శుక్రవారం ఫోనులో అన్నది."

"ఏ ఫోనులో?"

"డైరెక్టరుగారితో. మా అత్తగారిదేముంది, కూర్చుని విన్నారంతే అన్నాను కదా. మీరు గుమ్మంలో ఉండి విన్నారు కదా."

క్లిప్పు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. "అలా అన్నావా?"

"మీరు... వినలేదా?"

"ఇదిగో, ఇప్పుడు వింటున్నాను."

కొంప మునిగింది! కోడలు నాలుక కరుచుకుంది గానీ, అప్పటికే అత్తగారు క్లిప్పుల డబ్బా ఠపీమని కింద పెట్టేసింది.

"కూర్చుని విన్నానా? ఊరికే కూర్చుని విన్నానా? కథలు విన్నానటమ్మా, పాటలు విన్నానా? రోడ్డు మీద పోయే లారీల మోత, కుక్కల అరుపులు, పక్కన ఎవడో తుమ్మిన తుమ్ము, అవన్నీ తీసేసి అడుగున సన్నగా సుయ్యిమనే నీటి చప్పుడు ఏరుకున్నాను. రెండేళ్ళు! పదకొండు వందల రికార్డింగులు! కూర్చుని విన్నానట! నిలబడి వింటే ఎక్కువ మార్కులిచ్చేదానివా?"

"అయ్యో, అది కాదు అత్తయ్యా..."

"మరేది? నా వెనక అనేసి, నా ముందుకొచ్చి నువ్వే చెప్పి, పైగా నన్ను క్షమించమంటావా?"

కోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "ఆయన భయపెట్టారు అత్తయ్యా. ఇంట్లోవాళ్ళ పేర్లు ఇరికిస్తే కమిటీ నవ్వుతుందన్నారు. పిరికిదాన్ని, నోటికొచ్చింది అనేశాను. కవర్లో మాత్రం అలా రాయలేదు. నాకు యాభై వేసుకున్నాను. తక్కిన యాభై మీదే."

అత్తగారు ఆమెకేసి తేరిపార చూసింది. వసారా గుమ్మంలో అప్పటికే నిలబడి ఉన్న లాయరమ్మ గట్టిగా దగ్గింది.

"సంప్రదింపులు జరిగిపోయాయి. నేనేమీ వినలేదు," అంది పైకప్పుకేసి చూస్తూ.

వినలేదు అన్న ఆ మాట దగ్గర కోడలికి ఏదో తట్టింది. ఆమె తల పక్కకు వంచి అత్తగారిని చూసింది.

"అత్తయ్యా, శుక్రవారం మీరు గుమ్మంలో ఉన్నారు. నాకూ మీకూ నాలుగడుగులు లేదు. నేను గొంతు చించుకుని మాట్లాడాను. ఎలా వినపడలేదు?"

అత్తగారు దుప్పటి మడత సర్దసాగింది.

"ఇందాక రెండుసార్లు పిలిచాను. కోపమనుకున్నాను." కోడలి గొంతు మెత్తబడింది. "ఏ చెవి అత్తయ్యా?"

"ఎడమది," అంది ఆవిడ. "ఆ జ్వరంతో పోయింది. కుడిది కూడా సగమే. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి సర్దుకుపోతాను. గొట్టాలకి పెదాలుండవు కదమ్మా."

"ఏ జ్వరం?"

"నువ్వు జలగను ఇంటికి తెచ్చిన వారం వచ్చిందే, అది."

కోడలు గబుక్కున ఆవిడను చుట్టేసుకుంది. అత్తగారి భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. చెవి పోయినందుకు కాదు, చెప్పుకోలేకపోయినందుకు. ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, తనతో చెప్పడానికి ఈవిడ భయపడిందా అన్న బాధ అది.

"ఎందుకు దాచారు? నేనేమైనా పరాయిదాన్నా?"

"చెబితే పని ఆపేస్తావని. నా చెవే నీకు ఆధారమంటివి. చెవి పోయిన ఆపరేటరు ఎవరికి కావాలి? సిగ్గేసింది," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "అందుకే ఈ పత్రం నింపలేకపోయాను. నీ మీద కోపమెందుకమ్మా నాకు! సున్నా వేస్తే నీ దరఖాస్తు పోతుంది. అంకె వేద్దామంటే అందులో నాది కానిది ఉంది. నోరు విప్పితే ఎక్కడ కక్కేస్తానోనని మూసుకు కూర్చున్నాను."

"మీది కానిది ఏమిటి?" అని అడుగుతూనే కోడలు ఆగిపోయింది. "మరి మూడో ఏడు? జలగతో తీసిన ఆరు వందల నలభై రికార్డింగులు? అవి ఎవరు విన్నారు?"

 అత్తగారి చూపు లాయరమ్మ వెనక నక్కి నిలబడ్డ కొడుకు మీదికి వెళ్ళింది.

"నేనే," అన్నాడు లిఫ్టు మెకానిక్కు. "డ్యూటీ దిగి వచ్చి, నువ్వు ల్యాబు నుంచి వచ్చేలోపు రోజుకి నాలుగైదు విని గుర్తులు పెట్టేవాణ్ణి. అమ్మ తన మీద ఒట్టు వేయించుకుంది."

"ఏడాదిపాటా? నాకు తెలియకుండానా?"

"నా కడుపులో మాట దాగదన్నావుగా ఇందాక," అన్నాడు అతను, కాస్త గర్వంగానే.

లాయరమ్మ పకపకా నవ్వేసింది. ఆ నవ్వు అంటుకుని కోడలు, కోడల్ని చూసి అత్తగారు నవ్వారు. మూడు రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. నలుగురూ మళ్ళీ బల్ల దగ్గరికి చేరారు. కాఫీ మళ్ళీ కలిపింది అత్తగారే. ఎవరూ చెప్పకుండానే కోడలు, ఆవిడకు కాస్త వినపడే కుడివైపు కుర్చీలోకి మారి కూర్చుంది.

"దీనికి దారుంది," అంది లాయరమ్మ పుస్తకం ముందేసుకుని. "పద్నాలుగులో సి. పనిలో పాలుపంచుకుని పేరు లేనివాళ్ళెవరైనా ఉంటే, గడువులోపు ప్రకటించి మూడో పత్రం జతచెయ్యవచ్చు. తప్పు ముందే ఒప్పుకుంటే తప్పు కిందికి రాదట."

"అంటే నాకూ వాటా!" కొడుకు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఎంత వేసుకోను? మూడేళ్ళలో ఒక ఏడు నాది. ముప్పై మూడా?"

"సంప్రదించకూడదు నాన్నా!"

"నేను పైకి ఆలోచిస్తున్నానంతే. సైంటిస్టుని కదా ఇప్పుడు."

"వీడి మెడ చూడండర్రా, ఎలా నిక్కిందో," అంది తల్లి.

"రేపటినుంచి లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు అపాయింట్‌మెంటు తీసుకుని ఇరుక్కోవాలి," అంది లాయరమ్మ.

కోడలు కూడా నవ్వుతూనే వ్యాసం తీసింది, మూడో పేరు ఎక్కడ చేర్చాలా అని. పేజీ తిప్పింది. ఇంకొకటి తిప్పింది. నాలుగో పేజీ దగ్గర ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు మొగుడు.

ఆమె ఆ వాక్యం పైకి చదివింది. "'పాత మైకుతో తీసినవీ, కొత్త పరికరంతో తీసినవీ అన్నీ ఒకే శ్రోత విన్నారు. కనుక ఫలితాల్లో వచ్చిన తేడా పూర్తిగా పరికరం వల్లనే.'"

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమె కాయితాలు బల్ల మీద పెట్టేసింది.

"జలగ వచ్చాక డెబ్బై ఒకటి కాస్తా తొంభై మూడయింది. మైకు మారింది, వినేది మాత్రం అత్తయ్యే, కాబట్టి గొప్ప మైకుదే అని రాశాను. అందరూ మెచ్చుకున్నది అదే. ఇప్పుడేమో మైకు మారిన వారమే చెవి కూడా మారింది."

"మారితే ఏం?" అన్నాడతను. "మా డ్యూటీలో ఒకరి బదులు ఒకరు ఎక్కమా? లిఫ్టు ఎక్కేవాడికి దాన్ని ఎవడు బాగుచేస్తే ఏం?"

"మీరు మోటారు దగ్గర చెవి పెట్టి బేరింగు పేరు చెప్పే మనిషి. ఆ తొంభై మూడు నా జలగవో, మీ చెవివో నాకెలా తెలియాలి?"

అతని మొహంలో నవ్వు మెల్లిగా జారిపోయింది. అత్తగారు గ్లాసు కింద పెట్టింది.

"నావల్లే," అంది ఆవిడ. "నా సిగ్గు నీ కొంప ముంచింది."

"అలా అనకండి అత్తయ్యా. ఒక్క మాట కూడా అడక్కుండా ఆ వాక్యం రాసింది నేను."

"అమ్మా," అంది లాయరమ్మ మెల్లిగా, "పేరు చేర్చి, ఈ వాక్యం అలాగే ఉంచేస్తే... నియమం ఒప్పుకుంటుందనుకుంటా."

"నియమం ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోను." కోడలు లేచి నిలబడింది. నాలుగంగల గదిలో కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగింది. పదేళ్ళ పనికి ఫలం ఆ జలగ. ఎండలో, వానలో, రోడ్డు మీద గొంతుకూర్చుని, దారినపోయేవాళ్ళు ఎగతాళి చేస్తున్నా గొట్టాలకు దాన్ని తగిలించింది. అది గెలవాలని ఆమెకు ఉంది. ఉందంటే మామూలుగా కాదు, గొంతు దాకా ఉంది. అయినా చప్పున ఆగి, లోపలి గదిలోకి వెళ్ళి ల్యాపుటాపూ, హెడ్‌ఫోనూ, నీటి శాఖ వాళ్ళ తవ్వకాల రిజిస్టరూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"పాత మైకుతో తీసినవి పదకొండు వందలున్నాయి. మీరు వాటిని ఎప్పుడూ వినలేదు కదా?"

"లేదు. అవి అమ్మవే."

"ఇప్పుడు వినండి. లాయరమ్మ కళ్ళు మూసుకుని ఇరవై ఎంచుతుంది. అత్తయ్య రిజిస్టరు చూసి తప్పో ఒప్పో చెబుతారు. తెలియదంటే తప్పు కిందే లెక్క. పాత మైకుతో కూడా మీరు పద్దెనిమిదో పంతొమ్మిదో సరిగ్గా చెప్పారంటే, గొప్ప మీ చెవిది. పద్నాలుగు దగ్గర ఆగారంటే, నా జలగ నిలబడుతుంది."

కొడుకు కాసేపు లెక్క కట్టుకున్నాడు. "అంటే నేను పరీక్ష తప్పితే నువ్వు పాసు."

"అంతే."

"దానికింత హైరానా ఎందుకే! స్కూల్లో నాకు అదే కదా వచ్చింది," అని హెడ్‌ఫోను అందుకోబోయాడు.

ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది. "తమాషా కాదు. వినిపించింది వినిపించినట్టు చెప్పాలి. నా మీద ఒట్టు."

"ఇంట్లో అందరూ నా చేతే ఒట్లు వేయించుకుంటారేమిట్రా దేవుడా," అన్నాడు గానీ, చెయ్యి ఆమె తల మీద పెట్టాడు.

మొదటిది పెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. "కారుతోంది."

అత్తగారు రిజిస్టరులో వేలు పెట్టి వెతికింది. "ఒప్పు."

రెండోది. "లేదు. అది పంపు మోత."

"ఒప్పు."

మూడోది ఒప్పు. నాలుగోదీ ఒప్పే. ఐదోదానికి అతను పూర్తిగా వినను కూడా లేదు. చెయ్యి ఎత్తేసి "కారుతోంది, గట్టిగానే" అన్నాడు. చెప్పాక నాలుక కరుచుకున్నాడు. అత్తగారు "ఒప్పు" అనే మాట పైకి అనలేక తల ఊపింది. లాయరమ్మ గోళ్ళు కొరుకుతూ తర్వాతి నంబరు చెప్పింది.

ఎనిమిదో ఒప్పు దగ్గరికి వచ్చేసరికి గదిలో నవ్వులు లేవు. కోడలు మాత్రం తొణక్కుండా పెన్సిల్‌తో ఒక్కొక్క గీతా గీస్తోంది. ఎనిమిదికి ఎనిమిది. అతను భార్య మొహంలోకి చూడటం మానేశాడు.

"తొమ్మిదోది," అంది ఆమె.

అతను విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. చేతులతో హెడ్‌ఫోను అదుముకుని మూడోసారి విన్నాడు. తల్లి రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కొడుకు మొహాన్నే చూస్తోంది. ఇంతవరకు ఏ ఒక్కదానికీ అతను ఇంతసేపు తీసుకోలేదు.

"తెలియట్లేదు," అన్నాడు చివరికి.

కోడలి గుండె ఒక్క గంతు వేసింది. ఆ సంతోషం చూసి ఆమెకే భయమేసింది. పెన్సిల్ కింద పెట్టి, కుర్చీ చుట్టూ వచ్చి మొగుడి ఎదుట వంగి, రెండు చేతులతో హెడ్‌ఫోను మెల్లిగా తీసింది. అతను కళ్ళు తెరవలేదు.

"నిజంగా తెలియట్లేదా?" అంది. "నా కోసం తెలియట్లేదా?"